కోట–మాలేరి: ఒక జంటపేరు విడిపోయిన చరిత్ర

ఉపోద్ఘాతం

ఒక ప్రాంత చరిత్రను రాసేటప్పుడు శాసనాలను, కైఫీయతులను, నాణేలను, కట్టడాలను ఆధారాలుగా తీసుకోవడం మనకు అలవాటు. ఉత్తర తెలంగాణ విషయంలో ఈ ఆధారాలన్నింటికంటే పాతది మరొకటి ఉంది. అది రాతిపొర. శాసనానికి లిపి, భాష ఉన్నట్లే పొరకూ ఒక వరుస, ఒక వ్యాకరణం ఉన్నాయి. ఆ వ్యాకరణం తెలియక చదివితే శాసనాన్ని తప్పుగా చదివినట్లే పొరనూ తప్పుగా చదువుతాం. ప్రాణహిత–గోదావరి లోయలో అటువంటి తప్పు పఠనం ఒకటి జరిగింది. కోట, మాలేరి అనే రెండు గ్రామాల పేర్లను ఒక అడ్డగీతతో కలిపి 'కోట–మాలేరి' అన్న ఒకే శిలాశ్రేణిగా సుమారు 80 ఏళ్ళపాటు పరిగణించారు. ఆ అడ్డగీత కింద ఏమి దాగి ఉందో, దాన్ని ఎవరు ఎలా వెలికితీశారో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పొరల్లో ఎముక ఎలా నిలుస్తుందన్న ప్రాథమిక విషయాన్ని కూడా ఈ చరిత్ర ద్వారానే వివరించే ప్రయత్నం చేస్తున్నాను. భూవిజ్ఞానంలో 'ఫార్మేషన్' అనే దానిని ఇక్కడ 'శ్రేణి' అని వ్యవహరిస్తున్నాను.

సుల్తానాబాద్ నుంచి ప్రాణహిత దాకా

పెద్దపల్లి జిల్లా సుల్తానాబాద్ నల్లరాతి నేల మీద ఉన్న పట్టణం. కరీంనగర్ చుట్టుపక్కల గుట్టలన్నీ ఈ జాతివే. స్థూలంగా 250 కోట్ల ఏళ్ళనాటి ఈ రాళ్ళు భూమి లోపలి వేడిలో కరిగి గట్టిపడినవి, రూపం మారినవి. వీటిలో శిలాజం దొరకదు. జంతువు ఎముక ఇమడడానికి బురద, ఇసుక, సున్నం వంటి మెత్తని పదార్థం కావాలి. పైగా ఎముకలున్న జంతువులు పుట్టడానికి ఎంతో ముందే ఈ రాళ్ళు ఏర్పడ్డాయి.

సుల్తానాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద ఈశాన్యంగా సాగితే పెద్దపల్లి దాటాక బసంత్‌నగర్ దగ్గర సున్నపురాయి వస్తుంది. అక్కడి సిమెంటు కర్మాగారానికి ఆధారం అదే. అదీ అతి ప్రాచీనమైనదే. రామగుండం, గోదావరిఖని చేరేసరికి బొగ్గు పొరలు మొదలవుతాయి. గోదావరి దాటి మంచిర్యాల, జైపూర్, భీమారం, చెన్నూరుల మీదుగా ప్రాణహిత వైపు వెళ్తుంటే ఇసుకరాళ్ళు, ఎర్రమట్టి రాళ్ళు, చివరకు కోట సున్నపురాళ్ళు వరుసగా ఎదురవుతాయి. అంటే ఒక రోజు ప్రయాణంలో మనిషి నల్లరాతి యుగం నుంచి రాక్షసబల్లుల యుగం దాకా నడుస్తాడు.

ఇది ఎలా సాధ్యం? గరిసెలో పోసిన ధాన్యంలో అడుగున ఉన్నది ముందు పోసినది, పైన ఉన్నది తరువాత పోసినది. పొరల విషయంలోనూ ఇదే నియమమని 1669లో నికొలస్ స్టెనో సూత్రీకరించాడు. పొరలు అడ్డంగా పరుచుకొని ఉన్నంతకాలం మనకు కనిపించేది పై పొర ఒక్కటే. ప్రాణహిత–గోదావరి లోయలో మాత్రం నేల పగుళ్ళ వెంట కుంగింది. పొరలన్నీ స్థూలంగా ఈశాన్యం వైపు వాలి ఉన్నాయి. విస్తరాకుల కట్టను ఒక పక్కకు ఒరగదోస్తే అన్ని ఆకుల అంచులూ కనిపించినట్లు, ఇక్కడ ఒక్కొక్క యుగం అంచూ నేలమీదికి తేలింది. నైరుతి నుంచి ఈశాన్యానికి నడిస్తే పాత పొర నుంచి కొత్త పొరకు నడిచినట్లే.

బొగ్గు పొరలో ఎముక ఎందుకు లేదు?

తెలుగువారు నేలబొగ్గును రాక్షసిబొగ్గు అన్నారు, డైనోసార్‌ను రాక్షసబల్లి అన్నారు. మొదటి మాట జనవ్యవహారంలోనిది. రెండవది 1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకు ధాతువులతో కల్పించిన పదానికి తెలుగు చేత. మానవ పరిమాణానికి అందనిదాన్ని రాక్షసమనడం మన భాషకు సహజం. ఆదిమ సమాధులను రాక్షసగుళ్ళు అనడంలోనూ ఇదే దృష్టి ఉంది. అయితే రెండు పేర్లలోనూ రాక్షసుడు ఉండటంవల్ల రాక్షసబల్లులు చచ్చి రాక్షసిబొగ్గు అయ్యాయన్న భ్రమ కలిగే అవకాశం ఉంది. అది సరికాదు. గోదావరి లోయ బొగ్గు పెర్మియన్ యుగానిది, దాదాపు 28 కోట్ల ఏళ్ళనాటిది. అప్పటికి డైనోసార్లు పుట్టలేదు. అది గ్లాసాప్టెరిస్ వంటి చెట్ల ఆకులు, కాండాలు చిత్తడిలో కూరుకొని అణగి మారిన పదార్థం.

పొర వయస్సు ఒక కారణమైతే, పొర స్వభావం మరొక కారణం. చెట్లు కుళ్ళే చిత్తడి నీటిలో ఆమ్లం ఎక్కువ, గాలి తక్కువ. గాలి అందకపోవడంవల్ల ఆకు నిలుస్తుంది, ఆమ్లంవల్ల ఎముక కరిగిపోతుంది. ఎర్రమట్టిలో దీనికి విలోమంగా జరుగుతుంది. గాలి తగిలి ఇనుము తుప్పుపట్టి నేల ఎర్రబడుతుంది, ఆకు నశిస్తుంది. కాని ఆ మట్టిలో సున్నం ఉంటే ఎముక నిలుస్తుంది. కనుక ఒక పొరలో ఆకులు మాత్రమే దొరికాయంటే ఆనాడు జంతువులు లేవని అర్థం కాదు. ఏది నిలవగలదో అది నిలిచిందనే అర్థం. చరిత్రకారుడికి ఇది పరిచితమైన విషయమే. తాటాకు చెదలు తిన్నచోట రాగిరేకు మిగులుతుంది. రాగిరేకులు మాత్రమే దొరికినంత మాత్రాన ఆ కాలంలో తాటాకు గ్రంథాలు లేవని ఎవరూ తీర్మానించరు.

ఎముక శిలాజం కావాలంటే మొదట అది త్వరగా కప్పబడాలి. వరద తెచ్చిన ఒండ్రు కళేబరాన్ని కప్పితే తోడేళ్ళ వంటి జంతువులకు, ఎండకు, వానకు అది అందదు. మాంసం కుళ్ళిపోయాక ఎముకలోని సన్నని రంధ్రాల్లోకి భూగర్భజలం చేరుతుంది. ఆ నీటిలో కరిగి ఉన్న సున్నం, సిలికా, ఇనుము ఆ రంధ్రాల్లో పేరుకొంటాయి. పైన పొర మీద పొర చేరి బరువు పెరిగేకొద్దీ ఒండ్రు రాయవుతుంది, ఎముకా రాయవుతుంది. చివరకు నేల పైకి లేచి, వానలు పై పొరలను కొట్టుకొనిపోతేనే అది మన కంట పడుతుంది. ఈ దశల్లో ఏది తప్పినా శిలాజం ఉండదు.

చేప ఒక మాట, పన్ను ఒక మాట

ప్రాణహిత ఎడమగట్టున సిరొంచకు ఎగువన కోట అనే గ్రామం ఉంది. అక్కడి సున్నపురాతిలో దొరికిన చేప శిలాజాన్ని 1851లో కల్నల్ సైక్స్ లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో ప్రకటించగా, ఎగర్టన్ దానిని వర్ణించాడు. లెపిడోటస్ దక్కనెన్సిస్ అన్న ఆ పేరులో దక్కను ఉంది. మెరిసే దళసరి పొలుసులున్న ఆ చేప యూరప్‌లోని జురాసిక్ పొరల చేపలను పోలి ఉంది.

ప్రాణహితకు పడమట, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో, మాలేరి అనే గ్రామం ఉంది. అక్కడి ఎర్రమట్టిలో దొరికిన పళ్ళను 1859లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ వర్ణించాడు. ఆయన వ్యాసంలో గ్రామం పేరు 'మలేడి' అని ఉంది. ఒకే గ్రామం ఒకచోట డకారంతోను మరొకచోట రేఫతోను రావడం, స్థానిక ఉచ్చారణను ఆంగ్ల లిపిలోకి ఎక్కించడంలోని తడబాటుకు నిదర్శనం. ఓల్డ్‌హామ్ వర్ణించినవి సెరటోడస్ అనే ఊపిరితిత్తుల చేప పళ్ళు. అటువంటి చేప ప్రాణంతో ఉందని లోకానికి తెలిసింది 1870లో, ఆస్ట్రేలియాలో. ప్రాణి కంటే ముందు దాని పన్ను పరిచయమైందన్నమాట. సెరటోడస్ పళ్ళు యూరప్‌లో ట్రయాసిక్ పొరలకు గుర్తు. ఆ మట్టిలోనే హైపెరోడాపెడాన్ అనే చిలుకముక్కు సరీసృపం ఎముకలు బయటపడ్డాయి. ఈ జంతువుకు స్కాట్లండ్‌లోని ఎల్గిన్ ఇసుకరాళ్ళ నమూనా ఆధారంగా పేరు పెట్టిన టి.హెచ్. హక్స్‌లీ 1869లో దక్కను నమూనాలనూ దానితో పోల్చి చర్చించాడు. ఎల్గిన్ రాళ్ళ వయస్సే అప్పుడు వివాదంలో ఉంది. మాలేరి ఎముకలు ఆ వివాదంలోకి సాక్ష్యంగా వెళ్ళాయి.

ఈ సేకరణల చరిత్రలో నాగపూర్‌లోని స్కాటిష్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ పాత్ర విశిష్టమైనది. 1863లో ఒక వాగులో మునిగి ఆయన మరణించాడు. గోండుల గాథలను, భాషా విశేషాలను ఆయన సేకరించి పెట్టిన పత్రాలు 1866లో రిచర్డ్ టెంపుల్ సంపాదకత్వంలో వెలువడ్డాయి. మాలేరిలోని మొసలిరూప సరీసృపానికి లైడెకర్ 1885లో పారాసుకస్ హిస్లోపి అని పేరు పెట్టాడు. ఒకే వ్యక్తి గోండుల నోటి మాటను, గోండుసీమ నేలలోని ఎముకను రెండింటినీ పోగుచేయడం మన దృష్టికి రావలసిన విషయం. ఈ పొరలన్నింటికీ ఉమ్మడి పేరైన 'గోండ్వానా' కూడా ఆ జాతి పేరు నుంచే వచ్చింది. 1872లో మెడ్లికాట్ ఈ మాటను వాడగా, 1885లో ఆస్ట్రియా భూవిజ్ఞాని సూస్ దాన్ని ఒక ప్రాచీన మహాఖండానికి అన్వయించాడు. నేడు దక్షిణ అమెరికాలోనూ, ఆఫ్రికాలోనూ భూవిజ్ఞానం చదివే ప్రతి విద్యార్థి ఆదిలాబాద్ అడవుల జాతి పేరును పలుకుతున్నాడు.

అడ్డగీత

1871–72 ప్రాంతంలో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించిన విలియం కింగ్ ప్రాణహిత–గోదావరి లోయ మొత్తాన్ని సర్వే చేసి 1881లో బృహత్తరమైన నివేదిక ప్రచురించాడు. ఈ లోయ భూచరిత్రకు అది తొలి సమగ్ర గ్రంథం. అందులో కోట సున్నపురాళ్ళను, మాలేరి ఎర్రమట్టిని ఆయన ఒకే 'కోట–మాలేరి' సముదాయంగా చూపాడు.

చిక్కు ఇక్కడే వచ్చింది. కోట చేపలు జురాసిక్ అంటున్నాయి, మాలేరి పళ్ళూ ఎముకలూ ట్రయాసిక్ అంటున్నాయి. ఒకే శ్రేణి రెండు యుగాలకు చెందడం ఎలా? దీనికి మూడు సమాధానాలు సాధ్యం. యూరప్‌లో ముందే నశించిన సరీసృపాలు దక్కనులో మరికొంతకాలం బతికి ఉండాలి, లేదా చేపలు ఇక్కడ ముందే పుట్టి ఉండాలి, లేదా అడ్డగీతే తప్పు. మొదటి రెండింటినీ అంగీకరిస్తే శిలాజం ద్వారా పొర వయస్సు చెప్పే పద్ధతే ఈ దేశంలో చెల్లదని ఒప్పుకోవలసి వస్తుంది. ఒక్కొక్క పొరకు దానిదైన జీవసముదాయం ఉంటుందని ఇంగ్లండ్‌లో విలియం స్మిత్ చూపిన సూత్రం దక్కనులో తలకిందులవుతుంది. కనుక ఇది రెండు గ్రామాల పేర్లకు పరిమితమైన తగవు కాదు, ఒక శాస్త్ర పద్ధతికే పరీక్ష. ఈ పరీక్ష తేలకుండానే లైడెకర్ మాలేరి సరీసృపాలను వర్ణించాడు. 1940లో జర్మన్ శాస్త్రవేత్త ఫాన్ హ్యూనె వాటిని పునఃపరిశీలించాడు. జంటపేరు మాత్రం కొనసాగింది.

విడిపోవడం

స్వాతంత్ర్యానంతరం ఈ ప్రశ్న మళ్ళీ తలెత్తింది. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వ్యవస్థాపకుడు పి.సి. మహలనోబిస్ ఆహ్వానంపై లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన పమేలా రాబిన్సన్ 1957లో వచ్చి భూవిజ్ఞాన అధ్యయన విభాగానికి పునాది వేసింది. సోహన్‌లాల్ జైన్, తపన్ రాయ్‌చౌధురి, టి.ఎస్. కుట్టి, తరువాత శంకర్ ఛటర్జీ ఈ బృందంలో పనిచేశారు. వారి విధానంలో కొత్తదనం ఒక్కటే. ఎముక దొరికిందని చెప్పడంతో ఆగకుండా, అది ఏ వాగు ఒడ్డున, ఏ పొరలో, ఆ పొర పైనా కిందా ఏ పొరలున్నాయో పటంలో గుర్తించడం. గ్రామం గ్రామం తిరిగి వారు ఈ పని చేశారు.

ఫలితం రెండు వ్యాసాల్లో వచ్చింది. 1962లో జైన్, రాబిన్సన్, రాయ్‌చౌధురి దక్కను ఆదిజురాసిక్ జంతుజాలాన్ని గురించి 'నేచర్' పత్రికలో ప్రకటించారు. 1964లో వారే దక్కను ట్రయాసిక్ జంతుజాలాన్ని గురించి లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో రాశారు. జంటపేరు చెరొక యుగానికి చెందిన రెండు పేర్లుగా విడిపోయింది. మాలేరికి అడుగున ఎర్రపల్లి అనే మరొక ఎర్రమట్టి శ్రేణి తేలింది. ఆ రెంటి మధ్య ఇసుకరాతికి భీమారం పేరు వచ్చింది. మాలేరికి పైన, కోటకు కింద ధర్మారం శ్రేణి తేలింది. అంటే కింగ్ పెట్టిన అడ్డగీత ఉన్నచోట ఒక పూర్తి శ్రేణి ఉంది. దానికి దానిదైన జంతుజాలం ఉంది. ఆ చిన్న గీత కింద కోటి ఏళ్ళకు పైబడిన కాలం అణిగి ఉంది. చేపా అబద్ధమాడలేదు, పన్నూ అబద్ధమాడలేదు. వాటిని చదివినవారు రెండు పుటలను అతికించి చదివారు.

పుట పుటకు జంతువులు

అతుకు ఊడాక ఈ లోయ చరిత్ర క్రమంగా కనిపించింది. మాలేరి కాలంలో, సుమారు 23 నుంచి 21 కోట్ల ఏళ్ళ క్రితం, ఇది నదులు పారే ఎర్రనేల. ఇక్కడ ప్రభువులు డైనోసార్లు కావు. నీటిలో పారాసుకస్, గట్టున హైపెరోడాపెడాన్. ఛటర్జీ వర్ణించిన రెండు పారాసుకస్ కంకాళాల పొట్టభాగంలో మాలేరిసారస్ అనే మరో సరీసృపం అవశేషాలు దొరికాయి. అది ఆ జంతువు చివరి భోజనానికి సాక్ష్యం. డైనోసార్లు అప్పటికి చిన్నవి, అరుదైనవి. 1987లో ఛటర్జీ వర్ణించిన అల్వాకేరియా మాలేరియెన్సిస్ అటువంటిది. అయితే దాని పేరున ఉన్న ఎముకలన్నీ ఒకే జంతువువి కావన్న అభిప్రాయం తరువాత బలపడింది. పై మాలేరి పొరల నుంచి 2011లో జక్లపల్లిసారస్, నంబాలియా అనే శాకాహార డైనోసార్లు వర్ణితమయ్యాయి. ఈ రెండు పేర్లూ గ్రామాల పేర్లే.

ధర్మారం పొరల్లో డైనోసార్ల పరిమాణం పెరిగింది. 2007లో కుట్టి, ఛటర్జీ తదితరులు వర్ణించిన లాంప్లూసారా ధర్మారమెన్సిస్ ఇందుకు ఉదాహరణ. లాంప్లూ అన్నది పమేలా రాబిన్సన్ పూర్తి పేరులోని మధ్యభాగం. ఒక ఆంగ్ల శాస్త్రవేత్త పేరు, ఒక తెలంగాణ పల్లె పేరు ఒకే ద్విపదనామంలో చేరాయి.

కోట పొరల్లో మహాకాయులు వచ్చాయి. సిరొంచ సమీపంలోని పోచంపల్లి దగ్గర సుమారు 276 చదరపు మీటర్ల స్థలంలో 300 దాకా ఎముకలు బయటపడ్డాయి. అవి కనీసం ఆరు జంతువులవి. రవీంద్రుని శతజయంతి సంవత్సరమైన 1961ని పురస్కరించుకొని దానికి బారాపాసారస్ టాగోరి అని పేరు పెట్టారు. బారాపా అంటే బెంగాలీలో పెద్ద కాలు. శాస్త్రీయ వర్ణన 1975లో వచ్చింది. ఎముకలతోపాటు పెద్ద చెట్ల మానులూ దొరకడంవల్ల ఒక మంద వరదలో చిక్కి నశించి ఉంటుందని పరిశోధకులు ఊహించారు. తలపుర్రె మాత్రం దొరకలేదు. ఆ కంకాళం నేడు కోల్‌కతాలోని ఆ సంస్థ ప్రదర్శనశాలలో నిలబడి ఉంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర భూగర్భ సర్వేక్షణ సంస్థ వెలికితీసిన 840 ఎముకలు కనీసం 12 జంతువులవి. వాటిని పి. యాదగిరి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అన్న పేరుతో వర్ణించాడు. దాని కంకాళం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. ఈ కోట పొరల్లోనే చుంచెలుకంత ఆదిమ క్షీరదాల పళ్ళు కూడా దొరికాయి. వాటిలో ఒకదానికి 1981లో జె.బి.ఎస్. హాల్డేన్ పేరిట కోటాథీరియం హాల్డేని అని నామకరణం జరిగింది. మహాకాయుల కాళ్ళ సందుల్లో తిరిగిన ఆ చిన్న ప్రాణుల వర్గమే తరువాతి కాలానికి వారసత్వం వహించింది.

పేర్ల సమస్య

ఈ చరిత్రలో తెలుగు విభాగాలు పట్టించుకోవలసిన అంశం నామవిజ్ఞానానికి సంబంధించినది. శ్రేణుల పేర్లన్నీ గ్రామనామాలు. అవి ఆంగ్ల లిపిలో స్థిరపడి, ఆ లిపి నుంచే మళ్ళీ తెలుగులోకి వస్తున్నాయి. మలేడి, మాలేరి వంటి రూపభేదాల్లో ఏది స్థానిక వ్యవహారమో క్షేత్రంలో నమోదు చేయవలసి ఉంది. అంతకంటే ముఖ్యమైనది సమాననామాల సమస్య. సుల్తానాబాద్ పాఠకుడికి ధర్మారం అనగానే తన జిల్లాలోని మండల కేంద్రం గుర్తుకొస్తుంది. శిలాశ్రేణికి పేరిచ్చిన ధర్మారం అది కాదు. అది గోదావరికి అవతల, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. బారాపాసారస్ పోచంపల్లి నేతచీరల పోచంపల్లి కాదు. భీమారం పేరుతోనూ ఒకటికి మించి ఊళ్ళున్నాయి. తెలుగులో రాసే పాఠ్యపుస్తకం ఈ భేదాన్ని చెప్పకపోతే, కింగ్ అడ్డగీత వంటి మరో పొరపాటు మన విద్యార్థుల మనసుల్లో స్థిరపడుతుంది.

ముగింపు

కోట–మాలేరి విడిపోయిన చరిత్ర ఒక పాఠం చెబుతుంది. ఎముక తనంత తానుగా సాక్ష్యం కాదు. అది ఏ పొరలోదో తెలిసినప్పుడే సాక్ష్యమవుతుంది. పొర నుంచి ఊడదీసి, చోటు రాసిపెట్టకుండా ఇంటికి తెచ్చుకున్న శిలాజం, చిరునామా చెరిపేసిన ఉత్తరం వంటిది. ప్రతి వానాకాలం ప్రాణహిత వాగుల ఒడ్డున కొత్త ఎముకలను కడిగి చూపే నీరే, మరుసటి వానాకాలం వాటిని ముక్కలు చేసి కొట్టుకొనిపోతుంది. ఒకవైపు బొగ్గుబాయిలు, ఓపెన్‌కాస్ట్‌లు, మరొకవైపు రోడ్లు, కాలువలు ఈ లోయ నేలను తిరగేస్తున్నాయి. ఈ స్థితిలో శిలాజాన్ని మొదట చూసేది శాస్త్రవేత్త కాదు. పశువుల కాపరి, రైతు, బాయి కార్మికుడు.

గుజరాత్‌లోని బాలాసినోర్ దగ్గర రయ్యోలిలో డైనోసార్ శిలాజాల చోటనే ప్రదర్శనశాల వెలసింది. ఉత్తర తెలంగాణలోనూ శ్రేణులకు పేరిచ్చిన గ్రామాల్లో ఆ పొరను, దాని వయస్సును, అందులో దొరికిన జంతువును తెలుగులో, గోండిలో చెప్పే ఫలకం నిలపడం తొలి మెట్టు. దొరికిన వస్తువును కదిలించకుండా చోటు గుర్తుపెట్టి కబురు చేయాలని బడిలో నేర్పడం రెండవ మెట్టు. స్థానికులు ఈ రాళ్ళను ఏమని పిలుస్తారో, వాటి గురించి ఏ కథ చెబుతారో సేకరించడం తెలుగు పరిశోధకుల వంతు. గోండు గాథలనూ గోండుసీమ శిలాజాలనూ ఒకే జీవితంలో పోగుచేసిన హిస్లాప్ తరువాత ఆ రెండు పనులూ వేరువేరు శాస్త్రాలయ్యాయి. వాటిని మళ్ళీ ఒకచోట చేర్చదగిన నేల ఈ లోయే.